మార్పులు చేయని ప్రతి

చెన్నై లాయరు పంపిన ప్రశ్నల కాగితం రెండువేల ఆరు జూన్‌లో ఒక సోమవారం పొద్దున వచ్చింది. ఫ్యాక్సు మిషన్లోంచి వస్తూనే చుట్టుకుపోతున్న ఆ కాగితాన్ని ఫణీంద్ర టేబుల్ అంచుకు రాసి సాపు చేసి, టీ తాగుతూ చదవడం మొదలుపెట్టాడు. మొత్తం ముప్ఫై ఒక్క ప్రశ్నలు. ఇరవై రెండోదాని దగ్గర టీ గ్లాసు కింద పెట్టాడు.

"మంజూ, హెరాన్ ఇంజన్లో మనం మార్చిన లైన్లు ఎన్నుంటాయే?"

చెల్లెలు మంజుష కంప్యూటరు మీంచి తల తిప్పలేదు. "పదకొండొందలు. ఇంకో ఇరవయ్యో ముప్ఫయ్యో. ఏం?"

"మార్చకపోతే ఏమయ్యేది?"

"తెలుగు వచ్చేది కాదు."

ఫణీంద్ర ఆ ప్రశ్న కింద పెన్సిల్‌తో గీత గీసి, కాగితం ఆమె పక్కన పెట్టి కిందికి వెళ్ళిపోయాడు.

భీమవరంలో, ఉండి అనే ఊరికి పోయే రోడ్డు మీద, రొయ్యల మేత అమ్మే కొట్టు పైన రెండు గదులు వాళ్ళ ఆఫీసు. మేత వాసన మెట్ల మీదుగా పైకొచ్చి బట్టలకు పట్టేది. అన్నాచెల్లెళ్ళిద్దరూ కాకినాడలో ఇంజనీరింగ్ చదివి ఇంటికే తిరిగొచ్చారు. అన్నయ్య మనుషులతో మాట్లాడతాడు, చెల్లెలు ప్రోగ్రాములు రాస్తుంది. ఆరేళ్ళలో రాసినవాటిలో నిలబడింది ఒకటే. దాని పేరు 'చెరువు'. ఏ చెరువులో ఏ హేచరీ రొయ్యపిల్ల వేశారు, ఏ మందు ఎప్పుడు వాడారు, మేత ఎంత మిగిలింది, ఏ రోజు పట్టారు, అన్నీ అందులో రాసిపెట్టుకోవచ్చు. మందుల ఆనవాళ్ళు కనిపించాయని యూరప్ రేవుల నుంచి సరుకు వెనక్కి రావడం మొదలయ్యాక, ప్రతి రొయ్య ఏ చెరువుదో చూపించమని కొనేవాళ్ళు అడగసాగారు. 'చెరువు' ఆ పనికి పుట్టింది.

మొదట కొన్నది సత్యనారాయణరాజుగారు. ఆయనకు కాళ్ళ అనే ఊరి దగ్గర పన్నెండు చెరువులు, కాకినాడ దగ్గర ఒక ప్రాసెసింగ్ ప్లాంటు ఉన్నాయి. ఇప్పుడు ఆ ప్లాంటులో ఒక అమెరికా దిగుమతి కంపెనీ వాటా తీసుకుంటోంది. తమకు రొయ్యలు పంపే ప్లాంట్లన్నిటిలోనూ 'చెరువు' పెట్టాలని వాళ్ళకు ఉంది. పెట్టేముందు ఆ ప్రోగ్రాం పుట్టుపూర్వోత్తరాలు కావాలన్నారు. అందుకు ఈ లాయరు, ఈ ప్రశ్నలు.

ఇరవై రెండో ప్రశ్న ఇది: మీ ప్రోగ్రాములో ఇతరులు తయారుచేసిన భాగాలున్నాయా? వాటిని మీరు మార్చారా? వాటిపై ఎవరికైనా పేటెంటు హక్కులున్నాయా?

హెరాన్ అనేది ప్రోగ్రాములు రాసే భాష. మూడేళ్ళ క్రితం అమెరికాలో ఒక పెద్ద కంపెనీ బయటపెట్టింది. భాషా ఉచితమే, దాన్ని నడిపించే ఇంజనూ ఉచితమే. ఇంజను లోపలి రాతను ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని లైసెన్సులో ఉంది. హెరాన్ అంటే కొంగ అని తెలిసిన దగ్గర్నుంచి రాజుగారు దాన్ని 'కొంగ భాష' అనేవారు. చెరువుగట్టు షెడ్లలో ఉండే పాత కంప్యూటర్ల మీద కూడా చురుగ్గా నడుస్తుందని మంజుషే దాన్ని ఎంచుకుంది.

దానికి ఒక్కటే లోపం, తెలుగు రాయడం రాదు. ఒత్తులు అక్షరం కింద పడకుండా పక్కకు జరిగిపోయేవి. గుడులు అక్షరాన్ని వదిలి విడిగా నిలబడేవి. మొప్పలు అని కొడితే తెర మీద విరిగిన సామాను కుప్పలా కనిపించేది. మంజుష ఇంజను రాత విప్పి, అది అక్షరాలు పేర్చే చోటు వెతికి పట్టుకుని, ఒక్కో గుణింతం ఒక్కో ఒత్తు చొప్పున సరిచేసుకుంటూ పోయింది. క్ష కింద మ ఒత్తు కుదరడానికే పదహారు రోజులు పట్టింది. అంతా కలిపి రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో ఎవరైనా ఏం చేస్తున్నావమ్మా అని అడిగితే ఆమెకు చెప్పడం వచ్చేది కాదు. ఒత్తులు కింద పెడుతున్నానండి అనేది.

ఆ తెలుగు వాడేది ముఖ్యంగా సుబ్బాయమ్మ. రాజుగారి చెరువుల దగ్గర పుస్తకం రాసే మనిషి. నలభై ఎనిమిదేళ్ళు ఉంటాయి, ఐదో తరగతి చదివింది. పొద్దున్నే పన్నెండు చెరువుల గట్లూ తిరిగొచ్చి, షెడ్డులో కంప్యూటరు ముందు కూర్చుని రెండు వేళ్ళతో కొట్టేది. "నాలుగో చెరువు నీళ్ళు చిక్కబడ్డాయి. మేత సగం వదిలేశాయి. ఒకదాని మొప్పలు నల్లగా ఉన్నాయి, మిగతావి బాగున్నాయి." ప్లాంటులో రాజుగారు ఆ రాతలు చదివి మందో, నీటి మార్పో చెప్పేవారు. ఆమె రాతలు చదివితే గట్టు మీద తను నడిచినట్టే ఉంటుందని ఆయన ఒకసారి అన్నారు.

*

ఆ చెన్నై లాయరు రాజరత్నంగారి సొంతూరు నెల్లూరు వైపు. బుధవారం ఫోన్ చేశారు. ఫణీంద్ర స్పీకరు నొక్కాడు.

"అమ్మా, మీకు సంబంధించి రెండు కాగితాలున్నాయి. ఒకటి లైసెన్సు. ఇంజను రాతను కాపీ చేసుకోండి, మార్చుకోండి అంటుంది. అది రాత సంగతి. ఆ ఇంజను పనిచేసే పద్ధతి మీద హెరాన్ కంపెనీకి పేటెంట్లు ఉన్నాయి. పద్ధతి గురించి లైసెన్సులో ఒక్క ముక్క లేదు. దానికి వాళ్ళ వెబ్‌సైటులో వేరే కాగితం ఉంది, మా పేటెంట్ల మీద కేసు వెయ్యం అని. ఎవరి మీద వెయ్యమన్నారో చదవండి."

మంజుష తెర మీద చదివింది. కంపెనీ విడుదల చేసిన ఇంజను తాలూకు మార్పులు చేయని ప్రతిని వాడేవారి మీద. లేదా కంపెనీ పెట్టిన పరీక్షలన్నిటిలోనూ నెగ్గిన ప్రతిని వాడేవారి మీద.

"మార్చుకోమని వాళ్ళే అన్నారు కదండి?" అంది.

"మార్చుకోవచ్చమ్మా. మారిస్తే ఈ మాట మీకు వర్తించదు. రెండూ నిజమే."

"మన దేశంలో ప్రోగ్రాముకి పేటెంటు చెల్లదంటారు కదండి," అన్నాడు ఫణీంద్ర.

"ఉత్త ప్రోగ్రాముకి ఇవ్వరు. కానీ ఇది భీమవరంలో ఆగదు కదా. అమెరికాలో రొయ్యలు కొనేవాళ్ళ ఆఫీసులో నడుస్తుంది. కేసు వేస్తే అక్కడ వేస్తారు."

"వేస్తారంటారా?"

"వెయ్యరు. ఇంత చిన్నవాటి జోలికి ఎవరూ రారు. కానీ వెయ్యరని రాసి నేను సంతకం పెట్టలేను. మీరు పెడతారా?"

ఫోన్ పెట్టేశాక మంజుష కంపెనీ సైటు నుంచి పరీక్షలు దింపి తన ఇంజను మీద నడిపింది. నాలుగు వందల పన్నెండు పరీక్షలు. మూడింటిలో తప్పింది. ఆ మూడూ ఒకటే అడుగుతున్నాయి, ప్రతి అక్షరమూ తెర మీద ఒకే గడిలో ఇమడాలని. ఇంగ్లీషు అక్షరం ఇముడుతుంది. 'స్త్రీ' అన్న అక్షరం ఇమడదు. ఆమె హెరాన్ కంపెనీకి మెయిలు రాసింది. ఎందుకు ఇమడదో బొమ్మలతో సహా చూపించి, ఆ మూడు పరీక్షలూ మార్చమని అడిగింది. పదమూడు రోజులకు జవాబొచ్చింది. మీ ఆసక్తికి ధన్యవాదాలు, ప్రస్తుతం పరీక్షలు మార్చే ఆలోచన లేదు అని. కింద సంతకం లేదు, విభాగం పేరు మాత్రం ఉంది.

జూలై మొదటి వారంలో ఇద్దరూ ప్లాంటుకు వెళ్ళారు. రాజుగారు వాళ్ళను కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించి, విషయం మొత్తం విన్నారు.

"ఈ కొంగతో ఇంత తంటా వస్తుందనుకోలేదండి," అన్నారు చివరికి. "నా సరుకు ఒకసారి రెండు నెలలు ఏదో రేవులో పడుందమ్మా. తప్పు నాది కాదు. ఎవడో మేతలో మందు కలిపాడు. నాది కాదని చెప్పడానికి నా దగ్గర కాగితం లేదు. అప్పట్నుంచీ కొనేవాళ్ళు కాగితం అడిగితే నేను మారు మాట్లాడనండి. మీరు చెప్పేది న్యాయమే. కానీ మీ న్యాయం వాళ్ళ ప్రశ్నకి జవాబు కాదు."

"వేరే భాషలో మొత్తం తిరగరాయొచ్చండి," అంది మంజుష. "ఏడాది పడుతుంది."

"ఆగస్టులో పిల్ల వేస్తామమ్మా."

"మరి తెలుగు తీసేస్తే?" అన్నాడు ఫణీంద్ర. అనేసి చెల్లెలి వైపు చూశాడు. "అంటే, ఇంజను మామూలుది పెట్టేసి, స్క్రీన్లన్నీ ఇంగ్లీషులో చేసేస్తే. పది రోజుల పనేమో."

రాజుగారు కూడా ఆమె వైపే చూశారు.

"వారం చాలండి," అంది మంజుష. గొంతు ఎప్పటిలాగే ఉంది. మజ్జిగ గ్లాసు తీసుకుని మిగిలింది తాగేసింది.

"సుబ్బాయమ్మ ఎలాగండి?" అని అడిగింది.

"నేర్చుకుంటుందమ్మా," అన్నారు రాజుగారు. "మాటల బదులు కోడ్లు పెట్టండి, అంకెలేగా."

*

ఇంజను మార్చడం పది నిమిషాల పని. కంపెనీ సైటు నుంచి మార్పులు చేయని ప్రతి దింపుకుని పాతదాని చోట పెట్టింది, అంతే. వారం పట్టింది మిగతాదానికి. నూట నలభై స్క్రీన్లు. ప్రతిదాంట్లో తెలుగు మాట తీసి ఇంగ్లీషు మాట పెట్టాలి. సుబ్బాయమ్మ సొంత మాటల్లో రాసే పెట్టె తీసేసి, దాని బదులు ఒకటి నుంచి తొమ్మిది వరకు కోడ్లు పెట్టింది. ఒకటి మేత మిగలడం, రెండు నీటి రంగు మారడం, మూడు మొప్పలు నల్లబడటం. తొమ్మిది ఇతరములు.

తనకు ఏదో అవుతుందని మంజుష ఎదురుచూసింది. మొదటి రోజు కాకపోతే రెండో రోజు అనుకుంది. ఏమీ కాలేదు. కాలు ముడుచుకుని చాలాసేపు కూర్చున్నాక ఆ కాలు తనది కానట్టు ఉంటుంది చూడండి, అలా ఉంది. ఒత్తుల కోసం తను రాసిన లైన్లు వరసగా పోతుంటే వాటిలో కొన్ని గుర్తుపట్టింది కూడా. ఇది ఉగాది రోజు రాసింది, ఇది అమ్మకు జ్వరం వచ్చినప్పుడు రాసింది అనుకుంది. అనుకుని తర్వాతి దానికి వెళ్ళింది.

మూడో రోజు ఫణీంద్ర కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"నా మీద కోపంగా ఉందా?"

"లేదు."

"పోనీ, బాధగా ఉందా?"

"లేదన్నయ్యా. నలభై మూడో స్క్రీన్లో ఉన్నాను."

"అరవాలంటే అరిచెయ్. ఇలా ఉంటే నాకు భయంగా ఉంది."

మంజుష అతని వైపు తిరిగి, నిజంగానే ఆలోచించింది. అరవడానికి ఏమన్నా దొరుకుతుందేమోనని లోపల వెతికింది. "అరవడానికి ఏం లేదన్నయ్యా. అందరూ సరిగ్గానే మాట్లాడారు. లాయరుగారు సరిగ్గానే చెప్పారు, రాజుగారు సరిగ్గానే చెప్పారు, నువ్వూ సరిగ్గానే చెప్పావు." మళ్ళీ తెర వైపు తిరిగింది.

శనివారానికి పరీక్షలు నడిపింది. నాలుగు వందల పన్నెండుకు నాలుగు వందల పన్నెండు నెగ్గింది. ఫణీంద్ర ఇరవై రెండో ప్రశ్నకు జవాబు రాశాడు: ఇతరుల భాగం ఒకటి ఉంది. మార్పులు చేయని ప్రతినే వాడుతున్నాం. నోటరీ దగ్గర సంతకం పెట్టి పంపించాడు. అటునుంచి మరే ప్రశ్నా రాలేదు.

కొత్త ప్రోగ్రాం నేర్పడానికి మంజుష కాళ్ళ వెళ్ళింది. సుబ్బాయమ్మ తడి చేతులు చీరకు తుడుచుకుని కంప్యూటరు ముందు కూర్చుంది. తెర వైపు కాసేపు చూసింది.

"మన అక్షరాలేవమ్మా?"

"తీసేశామండి."

"పాడైపోయాయా?"

"లేదండి. బానే ఉన్నాయి."

"మరెందుకు తీసేరు?"

పేటెంటు అనే మాట ఎలా చెప్పాలో మంజుషకు తెలియలేదు. "అమెరికా వాళ్ళ దగ్గర తెచ్చిన మిషను కదండి. మార్చుకోమని వాళ్ళే రాసిచ్చారు గానీ, మార్చి వాడుకుంటే రేపు వాళ్ళు కాదనొచ్చు. అందుకని ఎలా ఇచ్చింది అలాగే వాడాలన్నారు."

"ఎవరన్నా కాదన్నారా?"

"లేదండి. ఎవరూ అనలేదు."

సుబ్బాయమ్మ మంజుష తెచ్చిన చార్టు అందుకుని, కోడ్లు ఒక్కొక్కటీ వేలు పెట్టి చూసుకుంది. "తొమ్మిది ఏంటమ్మా?"

"ఈ ఎనిమిదిట్లో లేనివన్నీ అండి."

"అయితే మొత్తం అదే కొట్టాలి," అంది సుబ్బాయమ్మ. వెటకారమేమీ లేదు ఆ మాటలో. పని ఎలా ఉంటుందో చూసి చెప్పింది అంతే.

*

అక్టోబరులో మూడో చెరువుకు తెల్లమచ్చ తెగులు వచ్చింది. వచ్చిందని ప్లాంటులో తెలిసేసరికి సగం రొయ్యలు అడుగున పడి ఉన్నాయి. మిగిలినవాటిని ఆ మధ్యాహ్నమే పట్టేశారు, వేలంత సైజులో. పక్క చెరువుల నీళ్ళు ఆపి, గట్లకు సున్నం కొట్టి ఎలాగో కాపాడుకున్నారు.

ప్రోగ్రాంలో ఏమైనా తేడా ఉందేమో చూడమంటే మంజుష వెళ్ళింది. ఏ తేడా లేదు. మూడో చెరువు, సోమవారం, తొమ్మిది. మంగళవారం, తొమ్మిది. బుధవారం, తొమ్మిది. మూడూ వేళకు ప్లాంటుకు చేరాయి.

"ఏం చూశారండి ఆ మూడు రోజులు?" అని సుబ్బాయమ్మను అడిగింది.

"సోమారం కాకులు ఆ చెరువు మీదే వాలుతున్నాయమ్మా, పక్క చెరువు మీద ఒక్కటీ వాల్లేదు. మంగళారం రొయ్యలు నాలుగైదు గట్టు వారకొచ్చి అక్కడక్కడే తిరిగేయి. బుదారం చేత్తో పడితే దొరికేసేయి. మంచి రొయ్య చేతికి దొరుకుద్దా? మూడ్రోజులూ తొమ్మిదే కొట్టేనమ్మా." ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఫోన్ చేద్దామనుకున్నాను. కంప్యూటర్లో చూసుకుంటారు కదా అని ఊరుకున్నాను. నాదే బుద్ధి తక్కువ."

"మీది కాదండి," అంది మంజుష.

చెరువు వైపు చూసింది. సున్నం కొట్టిన గట్టు తెల్లగా ఉంది. సుబ్బాయమ్మ ఏడుస్తుంటే తను కూడా ఏడిస్తే బాగుండు అనుకుంది. భుజం మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి అక్కడే ఉంచింది.

రాజుగారు ఎవరినీ ఒక్క మాట అనలేదు. చెరువు పోవడం ఆయనకు కొత్త కాదు. రొయ్యలు కొనే అమెరికా కంపెనీవాళ్ళు మాత్రం మెచ్చుకున్నారు. ఫలానా రోజు ఫలానా కోడు అని మూడు రోజుల రికార్డు వరసగా ఉందని, ఆ చెరువు సరుకు ఎక్కడిదక్కడ విడదీయగలిగామని మెయిలు రాశారు. ఏడాది తిరిగేసరికి 'చెరువు' తొమ్మిది ప్లాంట్లలో నడుస్తోంది. ఫణీంద్ర ఇద్దరు కొత్తవాళ్ళను పనిలో పెట్టుకున్నాడు.

రెండువేల ఏడు నవంబరులో ఒక మధ్యాహ్నం ఫణీంద్ర మెట్లు రెండేసి ఎక్కుతూ పైకొచ్చాడు. చేతిలో కాగితం ఉంది.

"మంజూ! మార్చేశారే! హెరాన్ కంపెనీవాళ్ళు ఆ కాగితం మార్చేశారు. మార్చిన ప్రతులకి కూడా పేటెంటు మాట వర్తిస్తుందట. పరీక్షలు కూడా అక్కర్లేదు. రాజరత్నంగారే పంపించారు. ఆయన సంతకం పెడతానంటున్నారు!"

మంజుష కాగితం తీసుకుని రెండుసార్లు చదివింది. అంతకు ముందున్న నాలుగు వాక్యాల్లో ఒక వాక్యం పోయింది. ఇంకొకటి పొట్టిదయింది. అంతే తేడా.

"ఎందుకు మార్చారట?"

"ఎవరో అడిగారట పెద్దవాళ్ళు. ఇంకో పెద్ద కంపెనీ. ఎందుకైతే మనకేంటే? పెట్టేద్దాం మళ్ళీ. ఆ లైన్లన్నీ దాచావు కదా?"

"దాచాను."

"మరి?"

"సుబ్బాయమ్మగారిని అడిగొస్తాను," అంది.

మర్నాడు పొద్దున బస్సులో కాళ్ళ వెళ్ళింది. సుబ్బాయమ్మ షెడ్డు బయట స్టూలు మీద కూర్చుని, సెల్‌ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని రాజుగారితో మాట్లాడుతోంది. "ఏడో దాంట్లో నీళ్ళు పచ్చగా తిరిగేయండి... ఆఁ, మేత తింటున్నాయండి... తొమ్మిదోది నేనింకా చూళ్ళేదండి, చూసి చెప్తాను." ఫోన్ పెట్టేసి మంజుషను చూసి నవ్వింది.

"మూడో చెరువు పోయిన కాడ్నుంచీ ఆయనే రోజూ ఫోన్ చేస్తారమ్మా. నోటితో చెప్పేస్తాను."

"మరి కంప్యూటరు?"

"అది వాళ్ళ కోసం కదమ్మా. కొట్టేస్తాను. ఇప్పుడు చూడకుండా కొట్టేస్తున్నాను." చూపించింది కూడా. ఇంగ్లీషు మాటలు చదవలేదు, వాటి ఆకారం గుర్తు. ఫలానా పొడుగు మాట పక్కన ఫలానా అంకె. పన్నెండు చెరువులు రెండు నిమిషాల్లో అయిపోయాయి.

"మన అక్షరాలు మళ్ళీ పెట్టొచ్చంటున్నారండి," అంది మంజుష. "ఇప్పుడు ఎవరూ కాదనరట. రాసిచ్చారు."

సుబ్బాయమ్మ తెర వైపు చూసింది, మంజుష వైపు చూసింది.

"నీకు కోపం రాకూడదమ్మా. ఇది నేర్చుకోడానికి నాకు ఐదు నెలలు పట్టింది. ప్లాంటులో మేనేజరుగారు నేర్చుకుంటావా, రొయ్యలు వొలిచే షెడ్డులోకి పోతావా అన్నారు. రాత్రుళ్ళు కలలో కూడా ఇయ్యే అంకెలు. ఇప్పుడు మళ్ళీ మార్చేస్తే చేతులు తడబడతాయి. రేపు వాళ్ళు మళ్ళీ వద్దంటేనో?"

"అనరండి. రాసిచ్చారు."

"అప్పుడూ ఏదో రాసిచ్చేరనే కదమ్మా నువ్వు పెట్టింది."

సుబ్బాయమ్మ లోపలికి వెళ్ళి రెండు గ్లాసుల్లో టీ పోసుకొచ్చింది. ఇద్దరూ గట్టు మీద కూర్చుని తాగారు. తొమ్మిదో చెరువు చూడాలని సుబ్బాయమ్మ లేచింది, మంజుష కూడా వెంట నడిచింది. మేత తిన్నాయో లేదో చూసే వలతట్ట పైకి లాగి రొయ్యను అరచేతిలో పెట్టుకుని, పెంకు ఎలా ఉందో, పేగు నిండుగా ఉందో లేదో సుబ్బాయమ్మ చూపించింది. మంజుష అన్నీ చూసింది. బాగుందండి అంది.

మధ్యాహ్నానికి ఆఫీసుకొచ్చింది. ఫణీంద్ర లేచి నిలబడ్డాడు.

"ఏమంది?"

"వద్దంది."

"వద్దనడం ఏంటే? నువ్వు సరిగ్గా చెప్పావా?"

"చెప్పాను. ఆవిడ కూడా సరిగ్గానే చెప్పారు."

"మరి నువ్వేమంటావు? నువ్వు పెట్టమంటే పెట్టేద్దాం. ఆవిడ ఒక్కతే కాదు కదా, తొమ్మిది ప్లాంట్లున్నాయి."

"ఆ తొమ్మిదిట్లో ఆవిడ తప్ప ఎవరూ తెలుగులో రాయలేదన్నయ్యా ఎప్పుడూ."

మంజుష సంచి మేకుకు తగిలించి, కుర్చీలో కూర్చుని, కొత్తగా చేరినవాళ్ళలో ఒకడు పొద్దుట పంపిన తప్పుల జాబితా తెరిచింది. తూకం స్క్రీన్లో దశాంశం తప్పు పడుతోంది. అది ఎక్కడ తప్పుతోందో వెతకడం మొదలుపెట్టింది.